పడవ పాట మీద కట్టిన కీర్తన

నా చిన్నప్పుడు మా ఊరి కాలువలో గాలి లేని రోజున పడవలకు తాడే దిక్కు. నలుగురు మనుషులు భుజాన తాడు వేసుకుని, గట్టు మీద నడుస్తూ, ధాన్యం పడవను నరసాపురం వైపు లాక్కుపోయేవాళ్లు. లాగుతూ పాడేవాళ్లు. మాటలు మా ఇంటి దాకా వచ్చేవి కావు. బాణీ మాత్రం వచ్చేది. ఎంత హాయైన బాణీ అది!

మా నాన్నగారు మిషను బడిలో పంతులు. కొత్తగా క్రీస్తును నమ్ముకున్న మా కూలి జనానికి మిషను దొరగారు తెచ్చిన పాటలు పాడబోతే నోరు తిరిగేది కాదు. మాటలు తెలుగే గాని నడక దొరలది. మన నోటికి మన పాట ఉండాలని పట్టుబట్టి, మా నాన్నగారు ఆ పడవ బాణీలో యేసు పుట్టుక మీద ఒక కీర్తన కట్టారు. క్రిస్మస్ నాడు తాటాకు గుడిలో నిలబడి తానే పాడారు.

పల్లవి పూర్తి కాకుండానే వెనక మగవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. దొరసానిగారు మాత్రం మురిసిపోయి మళ్లీ పాడమన్నారు. పాపం, మళ్లీ పాడారు.

గుడి బయటికి వచ్చాక ఎవరో సంగతి ఆయన చెవిన వేశారు. పడవవాళ్లు ఆ బాణీలో పాడేది పచ్చి బూతు పాట. మిషను బోర్డింగులో పెరిగిన మా నాన్నగారికి తప్ప ఊరందరికీ తెలుసు. దేవుడి పేరును బురదలో వేశానని కుమిలిపోయి, ఆయన ఇక పాటలు కట్టనన్నారు. వేరే ఊరికి పంపమని దొరగారిని అడగడానికి సిద్ధపడ్డారు. నాకైతే బడికి వెళ్లాలంటే చచ్చేంత సిగ్గు. పిల్లలు నన్ను చూడగానే ఆ పాట ఎత్తుకునేవాళ్లు. దాని అర్థం ఏంటని అమ్మను అడిగితే చెంప ఛెళ్లుమంది. కొట్టి, తనే ఏడ్చింది.

అమ్మ నన్ను కొట్టిన సాయంత్రమే పక్కింటి మామ్మ వచ్చింది. ఆమె భర్త ఆ తాడు లాగీ లాగీ గుండె నొప్పితో పోయాడు. గుడిలో నవ్వినవాళ్లలో ఆమే ముందు.

"నవ్వానండి పంతులుగారూ. మా ఆయన గుర్తొచ్చాడండి. అంత బరువు లాగేవాడికి నవ్వు లేకపోతే పడవ కదలదండి. మీ పాట వింటే దేవుడు కూడా వచ్చి తాడు పట్టుకున్నట్టుందండి. అది నాకు నేర్పండి" అంది.

నాన్నగారు తల ఎత్తలేదు. కీర్తన నాకు నోటికి వచ్చు గనుక, తడబడుతూ నేనే నేర్పాను.

మర్నాటి నుంచి మామ్మ గట్టు మీద పిడకలు కొడుతూ, పడవ వచ్చినప్పుడల్లా గొంతు చించుకుని ఆ కీర్తన పాడేది. వాళ్లు బూతు ఎత్తుకుంటే ఈమె యేసును ఎత్తుకునేది. ఊరికి అదొక వేడుకైపోయింది. కొన్నాళ్లకు ఒక పొద్దున తాడు లాగేవాళ్ల నోట మా నాన్నగారి పల్లవి వినబడింది. ఆయన వాకిట్లోకి పరుగెత్తారు. పల్లవి వరకే ఆయనది, చరణం మళ్లీ వాళ్లదే. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. భుజాలు అదురుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. వచ్చిన ఆదివారం గుడిలో ఆ కీర్తన ఆయనే ఎత్తుకున్నారు.

ఆ మనుషులందరూ పోయారు. గుడిలో ఆ కీర్తన మొదలవగానే ఈ వయసులోనూ నా చెవులు వేడెక్కుతాయి. ముందు ఆ పాడు మాటలే నాలుక మీదికి వస్తాయి. సిగ్గుతో తల వంగిపోతుంది. తల వంచుకునే పాడతాను. సిగ్గు పోయాక పాడదామని కూర్చుని ఉంటే మా నాన్నగారి పాట ఈపాటికి మిగిలేది కాదు.