నాకు తెలీదమ్మా అనగలిగిన డాక్టరమ్మ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే జాకెట్టుకి చేతులు కత్తిరిస్తుంటే, డాక్టరమ్మ దగ్గర కాంపౌండరుగా పనిచేసే ఆయన ఫోన్ చేశాడు. "మేడంగారు పోయారమ్మా. నిద్రలోనే," అన్నాడు. కత్తిరిస్తున్న గుడ్డ అలాగే వదిలేసి లేచాను.

ఆమె పర్చూరు వైపు మా చిన్న టౌన్లో ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేశారు. పత్తి చేలల్లో, మిరప కళ్లాల్లో పనిచేసే ఆడవాళ్లం, నాలాంటి కుట్టుపనివాళ్లం అందరం ఆమె దగ్గరికే వెళ్లేవాళ్లం. ఎదురుగా కూర్చోగానే "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగేవారు. అబద్ధం చెబితే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఊరుకునేవారు. ఆ మౌనానికి తట్టుకోలేక మనమే నిజం చెప్పేసేవాళ్లం.

మా అమ్మ షుగరుతో పోయింది. ముందు కాలి వేలు తీశారు, తర్వాత మోకాలి దాకా తీశారు. అదంతా దగ్గరుండి చూసినదాన్ని. అందుకే నలభై దాటాక నడుమునొప్పికి టెస్టులు చేయించుకుంటే షుగరు బార్డర్లో ఉందని, డి విటమిన్ బాగా తక్కువని తేలి వణికిపోయాను. పొద్దస్తమానం ఎండ తగలని గదిలో మిషను ముందు కూర్చునేదాన్ని మరి.

"ఆ విటమిన్ తక్కువైతే షుగరొస్తుందంట కదండీ? ఫోన్లో చూశాను," అన్నాను డాక్టరమ్మతో.

"దెబ్బ తగిలితే వాచి ఎర్రబడుతుంది కదా? అలాంటిదే కొందరికి ఒంట్లో పైకి కనపడకుండా ఏళ్ల తరబడి సన్నగా సాగుతుంది. దాంతో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. డి విటమిన్ తక్కువున్నవాళ్లలో అది ఎక్కువగా కనపడుతోందంటున్నారు. దీనివల్లే అదొస్తుందా, రెండూ ఊరికే కలిసి ఉంటాయా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు."

"మరి మాత్ర వేసుకుంటే షుగరు రాదాండీ?"

"నీ ఎముకలకి మంచిది. షుగర్ని ఆపుతుందా అంటే నాకు తెలీదమ్మా. తెలీనిది తెలుసని నీకు ఉత్త ధైర్యం చెప్పలేను. అన్నం తగ్గించు, నడువు, రోజూ కాసేపు ఎండలో ఉండు."

డాక్టరు నోటి వెంట తెలీదన్న మాట వినడం నాకదే మొదలు. నిజం చెప్పొద్దూ, అప్పుడు నచ్చలేదు. ఎక్కువ వేసుకుంటే షుగరు రాదేమోనని, వారానికొకటి రాసిచ్చిన మాత్రను రోజుకొకటి మింగడం మొదలుపెట్టాను. ఒకే చీటీతో నాలుగు షాపులు తిరిగి కొన్నాను.

రెండు నెలలకి దాహం మొదలైంది. చెంబుల కొద్దీ నీళ్లు తాగడం, గంటకోసారి బాత్రూముకి పరిగెత్తడం, అన్నం చూస్తే వాంతి. అమ్మకి మొదట్లో అచ్చం ఇలాగే దాహంగా ఉండేది. నాకూ వచ్చేసిందనుకుని వారం పాటు ఎవరికీ చెప్పలేదు. చివరికి మిషను మీదే తూలిపడితే మా ఆయన ఆటోలో తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ వేలికి సూది గుచ్చి చూశారు. షుగరు పెరగలేదు. అయినా ఆమె మొహం తేలికపడలేదు. "ఆ డి విటమిన్ మాత్రలు ఎలా వేసుకుంటున్నావు?" అన్నారు. ఏడుస్తూ చెప్పాను.

"రోజూనా? నీకేమన్నా బుద్ధుందా!" అని మా ఆయన లేచాడు.

ఆమె చెయ్యెత్తి ఆపారు. "ఆగవయ్యా, తననేమీ అనకు. వారానికొకటని చీటీ మీద రాసి ఊరుకున్నాను. ఎక్కువైతే ఏమవుతుందో నోటితో చెప్పలేదు. అది నా పొరపాటు."

ఆ మాత్రలు ఎక్కువై రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీల మీద పడుతూ ఉండొచ్చని ఆ పూటే గుంటూరు ఆసుపత్రికి పంపించారు. సెలైన్లు ఎక్కించారు. ఆదివారం క్లినిక్ సెలవు చూసుకుని ఆమె బస్సెక్కి వచ్చారు. స్టూలు లాక్కుని కూర్చుని రిపోర్టులన్నీ తిరగేశారు. "కిడ్నీలకేం భయం లేదు," అని నా చెయ్యి పట్టుకున్నారు. "మీ అమ్మ గుర్తొచ్చి భయపడ్డావు కదూ?"

అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు.

అప్పట్నుంచి ఏ మందు రాసినా ఎదుటివాళ్ల చేత తిరిగి చెప్పించుకునేవారు. "ఎన్ని వేసుకుంటావు? ఎప్పుడెప్పుడు?" ఒక పెద్దాయన చిరాకుపడి, "నేనేమన్నా బడిపిల్లాడినా తల్లీ, అప్పజెప్పడానికి?" అన్నాడు. "నా కోసం చెప్పు బాబాయ్. చెప్పానో లేదో నాకే గుర్తుండదు," అన్నారామె. ఆయన నవ్వేసి చెప్పాడు.

నాకిప్పుడు నలభై తొమ్మిది. రోజూ కాలవకట్ట మీద నడుస్తాను. షుగరు ఇంకా ఆ గీత దాటలేదు. కిందటేడు రిపోర్టు చూపించి, "అంతా మీ చలవేనండీ," అంటే ఒప్పుకోలేదు. "ఇందులో నీ నడకెంతో, ఎండెంతో, అదృష్టమెంతో నాకేం తెలుసు? నడక మాత్రం మానకు," అన్నారు. ఈసారి ఆ తెలీదన్న మాట మీద నాకు కొండంత నమ్మకం కలిగింది.

ఆఖరిచూపుకి వెళ్లేసరికి వాళ్ల వాకిట్లో కుళాయి దగ్గర ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. మిరప కళ్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ ఏరుతూ మధ్యలో లేచి వచ్చేశారు. చీరల మీద మిరప దుమ్ము అలాగే ఉంది. సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారు, వాసన చూసుకుంటున్నారు, మళ్లీ కడుక్కుంటున్నారు. ఎవరో కొబ్బరినూనె సీసా తెస్తే అరచేతులకి రాసుకుని కొంగుతో తుడుచుకున్నారు. "ఘాటు పోయిందంటావా?" అని ఒకామె పక్కామె మొహం దగ్గర చేతులు పెట్టి అడిగింది. పక్కామె వాసన చూసి తలూపింది. అప్పుడు ఆ అడిగినామె లోపలికి వెళ్లి, డాక్టరమ్మ పాదాలు పట్టుకుంది.