కోటవురట్ల నుంచి తెచ్చిన మంచం

1999 మే నెల, ఒక ఆదివారం. పెరట్లో ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, మా తమ్ముడు, అతని భార్య, ఎనిమిదేళ్ళ మా మనవరాలు. ఆనాటి డైరీలో ఈ వివరాలు, ‘రంగు రెండో పూత’ అన్న మాట తప్ప ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

నర్సీపట్నంలో మాది నాన్న కట్టిన ఇల్లు. తూర్పు వాటా నాది, పడమటి వాటా తమ్ముడిది. మధ్య గది పంపకాల్లో తేలలేదు. తమ్ముడు ఏజెన్సీ సంతల్లో చింతపండు కొని అందులో నిలవ చేసేవాడు. అల్లుడికి ఎప్పుడూ బదిలీలే కాబట్టి మనవరాలు మా దగ్గర చదువుకునేది, హాల్లో చాప మీద పడుకునేది. ఆ వేసవిలో అల్లుడు తేల్చి చెప్పాడు: పిల్లకి ఒక గదంటూ ఉంటే సరే, లేకపోతే జూన్‌లో హాస్టల్లో వేస్తాను.

సరుకు అమ్ముడై గది ఖాళీ అయ్యాక, తమ్ముడు సంతకి వెళ్ళిన రోజు చూసి గది కడిగించి సున్నం వేయించాను. అతన్ని అడగలేదు. అడిగితే ఇవ్వడు. కోటవురట్లలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం దగ్గర చిన్న మంచం, బల్ల కొని ఆటోలో వేయించి తెచ్చాను. పాత పాలిష్‌ని గాజుపెంకుతో గీకి, గరుకు కాగితం పట్టి, పగుళ్ళలో లప్పం పెట్టి, ఆరాకే రంగు మొదలుపెట్టాను. లేత నీలం మనవరాలు ఎంచిన రంగు. బల్ల కాళ్ళకి తనే వేస్తానని కుంచె పట్టుకుంది.

రెండో పూత వేస్తుండగా తమ్ముడు వచ్చి నిలబడ్డాడు.

“ఏటన్నయ్యా, కోటవురట్ల సరుకేనా ఇది?”

“నీకెందుకు?”

“నాకెందుకేటి? గదిలో సగం నాది. ఆ ఇంటి ముసలాయన పోయేదాకా మంచం దిగనేదని సంతలో సెప్పుకుంటన్నారు. ఈ మంచమే గదా?”

మరదలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. “అయ్యబాబోయ్! సచ్చినోడి మంచమా బావగారూ? దీనిమీద పిల్లని తొంగోబెడతారా?”

నాకు ఒళ్ళు మండింది. “మంచం మీద పోలేదు. ముందే నేలమీదికి దింపేశారు. నేను అడిగే కొన్నాను.”

మా వైపు ఆచారం అదే. మనిషి ఇక దక్కడనిపిస్తే మంచం మీద ఉంచరు, కిందికి దింపుతారు. నేలమీద పోతే మంచానికి దోషం లేదు.

తమ్ముడు నవ్వాడు. “అడిగేవా? అంటే తెలిసే తెచ్చేవన్నమాట.”

నా భార్య నావైపు చూసింది. ఆమెకి కూడా నేను చెప్పలేదు.

“నాన్న మంచం మీద నువ్వు పడుకోవట్లేదా? దానికి లేని దోషం దీనికెక్కడిది?” అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. “నాన్నని దింపింది నేను. ఈ రెండు సేతుల్తో. దింపడం గురించి నువ్వు సెప్పకు నాకు.”

“బేగి కబురు పెట్టావేటి? ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉన్నవాడికి అంతా అయ్యాక పెట్టావు.”

“పెడితే వొచ్చేవోడివేటి? సెలవు సీటీ రాసి, అది మంజూరయ్యేక బయల్దేరేవోడివి!”

చేతిలోని కుంచె అతని మీదికి విసిరాను. బనీను మీద నీలం పడింది. అతను నా చొక్కా పట్టుకున్నాడు.

“సిగ్గులేదూ ఇద్దరికీ! పిల్ల ఇక్కడే ఉంది” అని నా భార్య అరిచింది.

మనవరాలు తన కుంచెను డబ్బా మీద అడ్డంగా పెట్టి, చేతులు పావడాకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. బల్లకి ఒక కాలు మిగిలిపోయింది.

మర్నాడు పొద్దున్న రంగు ఆరింది. మంచాన్ని గదిలో వేసి, కొత్త దుప్పటి పరిచి, మనవరాలిని పిలిచాను. వచ్చింది కానీ గడప దాటలేదు.

“హాస్టల్లో మంచాలు కొత్తవేనా తాతయ్యా?”

“కావు. ఎందరో పడుకున్నవే.”

“వాళ్ళందరూ బతికే ఉన్నారు కదా?”

నా భార్య చెప్పులేసుకుని, అల్లుడికి ఫోను చేయడానికి ఎస్టీడీ బూత్‌కి వెళ్ళింది. నేను గదికి తాళం వేశాను. ఆమె తిరిగి వచ్చేసరికి నా తాళం పక్కన తమ్ముడి తాళం కూడా వేలాడుతోంది.