ముప్పై ఆరు నెలలకు మనదయ్యే లారీ

సూర్యాపేటలో బస్సు దిగి హైవే పక్కగా ఇంటికి నడిచేటప్పుడు టైర్ల కొట్టు ముందు నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. ఎండకు కాగిన కొత్త రబ్బరు వాసన కొంచెం తారులా, కొంచెం కిరసనాయిల్లా ముక్కు దాటి గొంతులోకి దిగుతుంది. దారిన పోయేవాళ్లు ముఖం తిప్పుకుంటారు. నేను మాత్రం నా పదకొండేళ్ల వయసుకు, ఆ యేటి దసరా సెలవులకు, మా వాకిట్లో నిలబడిన పది చక్రాల లారీ దగ్గరికి పోతాను.

మా నాయన యాదగిరి పద్నాలుగేళ్లు ఇతరుల లారీలు జీతానికి నడిపాడు. ఆ తర్వాత కోదాడలో ఉండే ఒక ఓనరు తన లారీల్లో ఒకటి నాయనకు లీజుకిస్తానన్నాడు. ముందుగా అరవై వేలు, ఆపైన నెలకు పదిహేను వేల చొప్పున ముప్పై ఆరు నెలలు కట్టాలి. డీజిలు, టైర్లు, రిపేర్లు అన్నీ నాయనవే. ముప్పై ఆరో నెల కట్టిన రోజున లారీ మా పేరు మీదికి మారుతుంది, అప్పటిదాకా కాగితాలు ఓనరు పేరునే ఉంటాయి. ఆ అరవై వేల కోసం రెండు బర్రెలూ అమ్మ మెడలోని గుండ్ల దండా పోయాయి. అమ్మ ఏడవలేదు. లారీ వచ్చాక రెండు దండలు చేయించుకుంటానని పొయ్యి ఊదుతూ నవ్వింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా పేట గ్రంథాలయంలో పిల్లల బీరువా ఖాళీ చేసి పెద్దల బీరువా మీద పడ్డ రోజులవి. ఓనరు ముద్ర కాగితం తీసుకొని మా ఇంటికి వచ్చినప్పుడు, పెద్దగా చదువుకోని నాయన దాన్ని నా చేతికిచ్చి, "సదువు బిడ్డా, గట్టిగ సదువు" అన్నాడు. నేను నులక మంచం మీద నిటారుగా కూర్చొని, "సదరు లీజుదారు వరుసగా రెండు నెలలు సొమ్ము చెల్లించని యెడల, సదరు వాహనమును దానికి అమర్చబడిన సమస్త వస్తువులతో సహా యజమాని స్వాధీనపరచుకొనుటకును, అంతవరకు చెల్లించిన సొమ్మంతయు వాడకపు రుసుముగా పరిగణించుటకును" అంటూ ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, ఒక్క అక్షరం తప్పకుండా చదివాను.

"అబ్బో! మా పిల్లలు కాన్వెంటుకు పోతన్నారన్న మాటే గానీ ఇంత బాగా చదవలేరయ్యా," అన్నాడు ఓనరు.

"పుస్తకాలైతే కరకర నములుతది, అన్నమే తినది," అంది చుట్ట వెలిగించుకుంటూ మా నానమ్మ. అందరూ నవ్వారు. చదివినదాని అర్థమేమిటని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్నే. అంత పెద్ద మాటలు నా నోట అంత సాఫీగా నడవడమే నాకు పండుగ. నాయన నాలుక పళ్ల మధ్య పెట్టుకొని ఒక్కో అక్షరం కూడదీసుకొని సంతకం చేశాడు.

ఆ తర్వాతి రెండేళ్లూ మా ఇంటికి రుతువులు నాయన ఒంటి మీదే వచ్చేవి. ఎండకాలమంతా మేళ్లచెరువు నుంచి హైదరాబాదుకు సిమెంటు తోలేవాడు గనుక కనురెప్పల మీద బూడిద మంచు పట్టినట్టు ఇంటికి వచ్చేవాడు, అమ్మ ఆయన బట్టలను మూడు నీళ్లలో ఉతికినా బండ మీద తెల్లటి చార మిగిలేది. వరి కోతలయ్యాక మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం ఎత్తేవాడు, అప్పుడు ఆయన భుజాన పడుకుంటే ఉడికిన వడ్ల వాసన, తౌడు వాసన కమ్మగా వచ్చేవి. మునగాల దాబాలో కట్టించుకొచ్చిన గుడ్ల పులుసు సద్ది అన్నంలో కలిపి అమ్మ మాకు ముద్దలు పెడుతుంటే, క్యాబిన్ లోపలి దేవుడి పటానికి వాడిన బంతిదండ తీసేసి నానమ్మ కొత్తది వేసేది. ప్రతి నెలా ఓనరుకు డబ్బు కట్టి నాయన ఇల్లు చేరగానే ఆమె గోడ మీద ఒక పసుపు బొట్టు పెట్టేది. వాడకట్టు పిల్లలమంతా ఇటుక ముక్కలను లారీలుగా చేసి లారీల యూనియన్ ఆట ఆడుకునేవాళ్లం. ముందు వచ్చిన ఇటుకకే ముందు లోడు, వెనకది ఎంత ఏడ్చినా తన వంతు వచ్చేదాకా కదలకూడదు. నిజం లారీలకూ యూనియన్లో అదే నియమం, డ్రైవర్లు దాన్ని సీరియలు అనేవాళ్లు.

ఆ నియమంలో నాకు అంతుపట్టని సంగతొకటి ఉండేది. సీరియలులో నిలబడ్డ లారీ సంపాదించదు, కాని దాని మీద నెలనెలా కట్టాల్సింది మాత్రం ఆగదు. వానలు పడితే ఇళ్ల పనులు ఆగుతాయి, సిమెంటు లేవదు, లారీలు బారులు తీరి నిలబడతాయి. లోడు దించి ఖాళీగా తిరిగి వచ్చే దారికీ డీజిలు కావాలి. ఇరవై ఏడు బొట్లు గోడెక్కిన యేడు వానలు ముందుగానే పట్టుకున్నాయి. దానికి తోడు, అరిగిన టైర్లతో వస్తే లోపలికి రానివ్వమని ఫ్యాక్టరీ గేటు దగ్గర నాయనను వెనక్కి తిప్పారు. టైర్లు లేకుంటే లోడు లేదు, లోడు లేకుంటే నెల కట్టేది లేదు. నాయన ఆరు కొత్త టైర్లు అప్పు మీద వేయించాడు.

"ఇంక తొమ్మిది నెలలేనాయె. మన బండికి మనమే ఏస్కుంటున్నం," అంది అమ్మ.

కొత్త టైర్లతో పోయిన లారీ సీరియలులో ఇరవై రోజులు వానకు తడిసింది. ఆ నెల కట్టలేదు. మరుసటి నెలా కట్టలేదు. దసరా ముందు రోజు ఓనరు వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"పండుగ దాకన్న ఆగుండ్రి సార్," అన్నాడు నాయన.

"పండగ పూట పొద్దున్నే నేనట్టా చేస్తానా యాదగిరీ? నువ్వు పూజ చేసుకో, నేను మధ్యాహ్నం వస్తాను. నా నెత్తి మీదా ఫైనాన్సువాళ్లున్నారయ్యా, నేనేం చేసేది?"

ఆయన పండుగ భోజనానికి వస్తున్నాడనుకున్నాను నేను.

తెల్లారి నాయన లారీని ఎప్పుడూ కడగనంత శ్రద్ధగా కడిగాడు. నట్లలో ఇరుక్కున్న సిమెంటును కొబ్బరి పీచుతో గీకాడు. అద్దానికి బంతిపూలు, బంపరుకు మామిడాకులు కట్టాము, నానమ్మ ఒక్కో టైరుకు కుంకుమ దిద్దింది. నాయన గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టి, ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టాడు. పూజయ్యాక బండి వాటి మీదుగా కదలాలి, అది ఆచారం. కాని నాయన ఎక్కలేదు. "జర ఆగుండ్రి" అని అరుగు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఓనరు ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. నాయన ఇద్దరికీ కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చాడు. గారెలూ కోడికూరా తనే వడ్డించాడు. "ఇంకొకటి ఏస్కోండ్రి సార్" అని బతిమాలి మరీ పెట్టాడు. చెయ్యి కడుక్కున్న కొత్త మనిషి తాళం చెవి అందుకొని స్టీరింగు ముందు కూర్చున్నాడు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

అమ్మ పరుగున పోయి బండికి అడ్డం నిలబడింది. "టైర్లు మావి సార్. అప్పు జేసి ఏసినం. అవన్న ఇడిసిపెట్టుండ్రి."

"బండికి ఎక్కినాక బండివేనమ్మా. కాగితంలో ఉంది. మీ అమ్మాయే చదివింది గదా," అన్నాడు ఓనరు, నేల చూపులు చూస్తూ.

అందరూ నా వైపు తిరిగారు. నాయన అమ్మను చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకొచ్చాడు. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు వినిపించింది. లారీ వీధి మలుపు తిరిగింది.

నాయన మళ్లీ జీతానికి ఎక్కాడు. ఎవరి బండి కిందో తిరుగుతున్న ఆ ఆరు టైర్ల అప్పును రెండేళ్లు తీర్చాడు. నా బడి పదో తరగతితో ఆగింది గాని గ్రంథాలయం ఆగలేదు. లారీ పోయిన వారమే నిఘంటువు తీసి "స్వాధీనము", "పరిగణించుట" వెతుక్కున్నాను. తర్వాత ఒప్పందాల గురించి తెలుగులో దొరికిన ప్రతి పుస్తకం చదివాను. ఈ రోజు ఏ కాగితం ముందు పెట్టినా ఎక్కడ పట్టు ఉందో, ఎక్కడ ఉచ్చు ఉందో చెప్పగలను, అందుకు గర్వమే. కాని ఆ రోజు నేను ఒక్క మాట అడిగి ఉంటే మా సొమ్మైనా మిగిలేదన్న బాధ ముందు ఆ గర్వం నిలబడేది కాదు.

ఒకప్పుడు లారీల యూనియన్ రేకుల షెడ్డు ఉన్నచోట ఇప్పుడు పెళ్లిళ్ల హాలు లేచింది. పదహారు చక్రాల బండ్లు వచ్చాయి. లీజు కాగితం ఫోనులోకి వెళ్లిపోయింది, వేలితో తాకితే ఒప్పుకున్నట్టే, గట్టిగా చదివించుకునేవాళ్లు లేరు. నానమ్మ లేదు. గోడకు సున్నాలు పడ్డాయి. ఇటుకలతో ఆడుకున్న మా వాడకట్టులో ఒకరి ఇంటి ముందూ సొంత లారీ నిలబడలేదు.

మొన్న నాయన మోకాళ్లకు నూనె రాస్తూ, ఇన్నేళ్లకు ధైర్యం చేసి చెప్పాను. ఆ కాగితం అర్థం తెలియకుండా చదివానని, తెలిసి ఉంటే సంతకం పెట్టనిచ్చేదాన్ని కాదని.

"నాకెర్కలేదా బిడ్డా? ఆయన కోదాడలనే అంతా ఇప్పి చెప్పిండు. రెండు నెలలు తప్పితే బండి పాయె, పైసలు పాయె అని. గట్లయితెనే బండి, లేకుంటె లేదన్నడు. గా సంతకం బెట్టకుంటె నాకు బండెవడిస్తడు?"

"మరి నాతో ఎందుకు చదివించినవ్?"

"ఇంట్ల అందరికీ తెల్వాలె, నేను నోటితోని చెప్పలేక. నువ్వు సదువుతుంటె మీ అమ్మ మొకం జూసిన. మురిసిపోతాంది. నువ్వు గంత మంచిగ సదువుతున్నవ్, మధ్యల ఆపి గిదీ సంగతని చెప్పబుద్ధి గాలే."