క్రిములకు మేత పెట్టిన బాబాయ్

మా ల్యాబులో గాజుసామాను కడిగే బాబాయ్‌కి ఇద్దరే పిల్లలని ఇరుగుపొరుగు అనుకుంటారు. కోట్లలో ఉన్నారని మాకు తెలుసు. మలేరియా క్రిములు ఎర్ర రక్తకణాలను తిని బతుకుతాయి. మా వెచ్చటి పెట్టెలో పెరిగే క్రిములకు పదిహేనేళ్లుగా మేత ఆయన రక్తమే. పిలిచినప్పుడల్లా చొక్కా చేయి మడిచి, ఆఫీసరులా దర్జాగా కూర్చునేవాడు. "తినండ్రా, తినండి" అని సీసా వైపు చూసి నవ్వేవాడు.

ఆమధ్య వార్డులో ఆరేళ్ల పాపకు జ్వరం మూడోసారి తిరగబెట్టింది. క్రిములు మాత్రలకు లొంగడం లేదేమోనని డాక్టరమ్మ అనుమానం. పాప రక్తంలోని క్రిములను పెంచి, ఏ మందుకు చస్తాయో చూసి చెప్పడం నా పని. బాబాయ్ రక్తం పోసి, గుంటల పళ్లెంలో వరుసకో మందు వేశాను. పోల్చి చూసేందుకు ఒక వరుసకు మాత్రం ఏ మందూ వేయలేదు. మూడో రోజు చూస్తే అన్నీ చచ్చిపడున్నాయి. మందు వేయని వరుసలో కూడా!

"కళ్లెక్కడ పెట్టుకుని పనిచేశావ్? మందు ఒలకబోసుంటావ్" అని మా మేడం అంతెత్తున లేచింది. నాకు ఒళ్లు మండింది. పాప క్రిములు ఇక ఒక్క గొట్టంలోనే మిగిలాయి. పాప ఒంట్లో రక్తమే లేదు, మళ్లీ తీయడానికి డాక్టరమ్మ ఒప్పుకోదు. ఇదీ పోతే ఏ మందివ్వాలో చెప్పే దిక్కుండదు.

కొత్త రక్తం కోసం సూది పట్టుకున్నాను. బాబాయ్ చెయ్యి చాపి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు తల్లీ. ఇది పనికిరాదు."

"ఏమైంది బాబాయ్?"

"పోయిన నెల నాకే జ్వరమొచ్చింది. మలేరియా అన్నారు. మాత్రలేసుకున్నా. చెబితే ఇక నా రక్తం వద్దంటారని నోరు మూసుకున్నా."

మేడం నా చేతిలోని సూది తీసి పక్కన పెట్టింది. ఆయన వేసుకున్నది పాప మింగిన రకం కాదు; వారాల తరబడి రక్తంలో నిలిచే ఆ మందే క్రిములన్నిటినీ చంపింది. ఇక ఆయన రక్తం తీసుకోం. ఆ సంగతి తెలిసే చెప్పాడు. నాకు తిట్టాలనీ అనిపించింది, కాళ్లు పట్టుకోవాలనీ అనిపించింది.

ఈసారి నా రక్తం తీశారు. సూది గుచ్చినచోట దూది అదిమిపట్టింది బాబాయే. మూడు రోజులయ్యాక చూస్తే మందు లేని వరుసలో క్రిములు బతికే ఉన్నాయి. పాప మింగిన మాత్రల వరుసలోనూ నిక్షేపంగా ఉన్నాయి. ఇంకో మందుకు మాత్రం చచ్చాయి. ఆ సాయంత్రమే డాక్టరమ్మ మందు మార్చింది.

ఆ రోజు నుంచి వార్డుకు ఫోన్ చేయమని బాబాయ్ నా ప్రాణం తీశాడు. ఐదో రోజు ఫోన్ పెట్టేసి, "జ్వరం తగ్గిందట బాబాయ్, అన్నం తిందట" అన్నాను.

ఆయన తడి చేతులతోనే మొహం కప్పుకున్నాడు.

"ఇన్నేళ్లూ వాటికి మేత పెట్టాను తల్లీ. ఈ ఒక్కసారి పెట్టనన్నందుకు ఓ పిల్ల అన్నం తిందా?"