సముద్రం మావయ్య తొట్టి

ఆయన మాటలన్నీ నమ్మితే ఆ తొట్టికి అడుగే లేదు. భూమికి అవతలి వైపున్న వాళ్ళకి అరికాళ్ళు తడుస్తూ ఉండాలి. ఒకరోజు పొద్దున్నే బకెట్ జారి అందులో పడితే, ధబ్బుమన్న చప్పుడు సాయంత్రం టీ వేళకి వినిపించిందట. పైకి లాగి చూస్తే అందులో ఏ దేశపుదో ఒక చేప. అది మన భాష అర్థంకాక బిక్కమొహం వేసిందట. అందుకే వీధి వీధంతా ఆయన్ని సముద్రం మావయ్య అనేది. ఆయన ఆ పేరుని బిరుదులా మోసుకు తిరిగేవాడు.

అసలు వృత్తి బట్టలకి రంగులు వేయడం. వెలిసిపోయిన పరదాలు, దుప్పట్లు, పాత చొక్కాలు ఆయన చేతిలో పడితే మళ్ళీ వయసులోకి వచ్చేవి. అయితే కుళాయి నీళ్ళతో ఆయనకి పడదు. ఆ ఉప్పు నీళ్ళలో ఎరుపు ఇటుకపొడిలా విరిగిపోయి, బట్టంతా మచ్చలు తేలేది. వాన నీళ్ళలో అయితే రంగు నూలులోకి దిగి స్థిరపడుతుంది. అందుకే రేకుల కప్పు అంచున గొట్టం కట్టి, షెడ్డు నేలకింది తొట్టిలోకి మళ్ళించాడు. మొదటి వాననీటిని మాత్రం లోపలికి రానిచ్చేవాడు కాదు. కప్పు మీది దుమ్మూ, పిట్టల రెట్టా కొట్టుకుపోయేదాకా గొట్టాన్ని పక్కకి తిప్పి ఉంచేవాడు. నాలుగు చుక్కలు నాలుక మీద వేసుకుని, తల ఊపి, అప్పుడు వదిలేవాడు. తొట్టి మీద చెక్కలు, చెక్కల మీద రంగు కాచే డేగిసాలు. లోపలేముందో ఆయనా, అత్తయ్యా తప్ప ఎవరూ చూడలేదు.

ఒక ఎండాకాలం కుళాయిలన్నీ గాలి ఊదుతూ కూర్చున్నప్పుడు, ఈ తొట్టే వీధిని కాపాడింది. ఎవరు బిందె పట్టుకొచ్చినా మావయ్య నింపి పంపాడు. "పట్టుకెళ్ళండి, సముద్రం తరిగిపోతుందా ఏంటి!" అనేవాడు. ఆ వేసవంతా ఆయన కొట్టు మూసే ఉంది. మోకాళ్ళు పట్టేశాయని చెప్పాడు.

ఆ తర్వాత వానకి కూడా రూలొచ్చింది. చిన్న తొట్టి అయితే ఇంటివాళ్ళ ఇష్టం. రెండు వేల లీటర్లు దాటితే లైసెన్సు, మీటరు. అవి వచ్చేదాకా గొట్టానికి సీలు. పైనున్నవాళ్ళు వానంతా పట్టేసుకుంటే కింది చెరువులకి ఏం చేరుతుందని ప్రభుత్వం వాదన. అందులో న్యాయం లేకపోలేదు. మావయ్య తొట్టికి ఆ రూలుతో సంబంధమే లేదు. కానీ టీ కొట్లో ఆయన నోరు ఊరుకుంటేగా!

"నా తొట్టికి లైసెన్సు వీళ్ళేమిస్తారు? ఓడరేవు వాళ్ళివ్వాలి!" అన్నాడు.

పక్కన టీ తాగుతున్నవాడు నీటి శాఖ జీపు డ్రైవర్.

మర్నాడు టేపూ, సీలూ పట్టుకుని నీటి శాఖ అమ్మాయి గుమ్మంలో నిలబడింది. బయట మబ్బులు దిగుతున్నాయి. ఇవాళ సీలు పడితే లైసెన్సు వచ్చేసరికి వానాకాలం దాటిపోతుంది. ఆ పైన ఏడాదంతా రంగు లేదు, పని లేదు.

"మీ తొట్టిలో ఎన్ని నీళ్ళు పడతాయండీ?"

మావయ్య చెక్కల మీద నిలబడ్డాడు. వీధి మొత్తం గుమ్మం దగ్గరికి చేరింది. ముందు వరసలో కుట్టుమిషన్ పిన్ని.

"ఆ చేప సంగతి చెప్పండి అన్నయ్యగారూ, పాపం ఆవిడకి తెలీదు" అంది పిన్ని.

చిన్నదని చెబితే తొట్టి దక్కుతుంది. కానీ ఆ మాట గొంతు దాటడం లేదు. ఒక్క పరువే అయితే మింగేసేవాడు. కుళాయి ఎండినా పర్లేదు, మావయ్య ఉన్నాడని ఈ వీధి నిద్రపోతోంది. ఆ నిద్ర కింద పరిచిన పరుపు ఆయన అబద్ధమే. లాగేస్తే ఎలా?

"ఏవండీ, దిగండి చెక్కమీంచి" అంది అత్తయ్య. "పరువు వెలిస్తే మళ్ళీ రంగేసుకుందాం. గొట్టానికి సీలు పడితే ఏం వేసుకుంటాం?"

ఆయన దిగాడు. అత్తయ్యే చెక్కలు లాగింది. నీటి శాఖ అమ్మాయి టేపు వదిలితే, సరిగ్గా విప్పుకోకముందే అడుగు తగిలింది. నడుం లోతు. మూలనున్న కప్ప, ఇంతమందిని ఎప్పుడూ చూడనట్టు గుడ్లప్పగించింది.

"ఇదేనా సముద్రం!" అని ఎవరో అన్నారు. అందరూ ఘొల్లున నవ్వారు.

పిన్ని నవ్వలేదు. "మరి ఆ ఎండాకాలం మా అందరికీ పోసిన నీళ్ళెక్కడివి?"

"అప్పుడు... అడుగున ఊట ఉండేదిలే" అన్నాడు మావయ్య, అలవాటు కొద్దీ.

నీటి శాఖ అమ్మాయి కలం ఆగింది. "ఊటా? అయితే ఇది బావి కిందికొస్తుందండీ. దానికి వేరే పర్మిషను."

"అయ్యో, ఊటా లేదు, పాడూ లేదమ్మా! గోడకి చెమ్మ కూడా లేదు. అవి... రంగుకని పట్టుకున్న నీళ్ళే."

"మరి మోకాళ్ళో?" అంది పిన్ని.

"అవీ కొంచెం నొప్పే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నీటి శాఖ అమ్మాయి పొడవూ వెడల్పూ కూడా కొలిచి, రెండు వేల లీటర్లకి లోపే, లైసెన్సు అక్కర్లేదని రాసుకుని, సీలు సంచిలో వేసుకుంది. వెళ్ళబోతూ, "ఇంత తొట్టికి అంత కథెందుకండీ?" అని అడిగింది.

"నడుం లోతని తెలిస్తే బిందె తెచ్చేవాళ్ళకి మొహమాటం కదమ్మా" అన్నాడాయన మెల్లగా. "సముద్రంలో ముంచుకోడానికి ఎవరికీ సిగ్గుండదు."

సాయంత్రానికి పిన్ని ఇంటి చూరుకి కట్టిన గొట్టం కింద ఒక డ్రమ్ము వెలిసింది. దాన్ని చూసి పక్కింట్లో, ఆ పక్కింట్లో. చినుకు పడగానే మావయ్య మోకాళ్ళ సంగతి మర్చిపోయి ఇంటింటికీ పరిగెత్తాడు. "అప్పుడే వద్దు! మొదటి నీళ్ళు పోనివ్వండి!" అని కేకలేస్తూ గొట్టాలు తిప్పాడు. ప్రతి ఇంటి నీళ్ళూ రుచి చూశాడు. పిన్ని ఇంటి దగ్గర మొహం చిట్లించి, "మీ పిల్లి పడక ఇంటి కప్పు మీదేనా?" అన్నాడు.

చివరి డ్రమ్ములోకి ధార పడుతుంటే తడిసి ముద్దై నిలబడి, ఛాతీ విరిచాడు. "ఈ డ్రమ్ములన్నీ కలిపితే ఉందీ, ఓడలు..."

"నెమ్మది!" అంది అత్తయ్య గుమ్మంలోంచి. "టీ కొట్లో జీపు డ్రైవరున్నాడు."