మిరుగు నాటి గింజలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో బోథ్ దగ్గరి మా ఊరికి వెళ్తే బాపు అడిగాడు, "డేటా సైన్స్ అంటే ఏంది బిడ్డా?"

మా ఆఫీసు పత్తి రైతుల ఫోన్లకు సలహాలు పంపుతుంది. "శానామందికి జరిగింది ఒక్కకాడ కూడబెట్టి, ముందట ఏం జరుగుతదో చెప్పుడు" అన్నాను.

"అంటే పంచాంగమే కదా" అన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పంచాంగం తప్పితే అడిగేవాళ్లు లేరు, మేం తప్పితే మళ్లీ సరిచూసుకుంటాం అని గొప్పగా చెప్పాను.

ఆ ఏడు మా మండలం రైతులు ఫారంలో చెప్పిన, పత్తి విత్తిన తేదీలు నా దగ్గరికి వచ్చాయి. ఇంచుమించు అందరిదీ ఒకటే రోజు, మృగశిర కార్తె మొదటి రోజు, మేం మిరుగు అనేది. ఇంత శుభ్రమైన డేటా చూడలేదని పై అధికారి అంటే మురిసిపోయాను.

మరుసటి ఏడు ఆ తేదీలను బట్టే, మిరుగు నాడే విత్తుకోమని మా ఆఫీసు నుంచి రైతులకు మెసేజ్ వెళ్లింది. వానలు ఆలస్యమయ్యాయి. "మీ బాపు పొడి దుక్కిల ఇత్తిండు. ఒక్క గింజ మొలువలే" అని అవ్వ ఫోన్ చేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. మా దగ్గర మిరుగు నాడు కొబ్బరికాయ కొట్టి చేను మూలన గుప్పెడు గింజలు పెడతారు. అది శాస్త్రానికి. చేనంతా విత్తేది రెండు మంచి వానలు పడ్డాకే. కానీ ఎవరడిగినా "మిరుగు నాడే పెట్టినం" అంటారు. చిన్నప్పుడు ఆ గింజల పళ్లెం పట్టుకున్నది నేనే. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

తర్వాత ఫారంలో 'ఎప్పుడు విత్తారు' అన్న ప్రశ్నను, పూజ గింజలు ఎప్పుడు, చేనంతా ఎప్పుడు అని రెండుగా విడగొట్టించాను. ముందైతే ఊరికి పరిగెత్తాను. వాన పడింది, బాపు మళ్లీ విత్తుతున్నాడు. నేనూ సాలులోకి దిగాను. తప్పు నాదేనని చెప్పాను. బాపు సాలు వెంట ముందుకు జరిగాడు.

"ఎన్నడన్న వాన పడకముందు ఇత్తినవా బాపూ? ఆకాశంల మొగులు లేదని కనబడలేదా?" అని నేనే కోప్పడ్డాను.

"కనబడ్డది" అన్నాడు, వంగి గింజ పెడుతూనే. "గా మెసేజ్ నీ ఆఫీసుది గదా. నువ్వే చెప్పినవనుకున్న."