వసంత పేరు తీసేస్తే

ఇలా వచ్చి కుదురుగా కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టి, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. దయ్యాలున్నాయని నేనేనాడూ నమ్మలేదు. మీ నాన్న పుట్టకముందు నుంచీ ఈ నాంపల్లి ఇంట్లో ఉన్నా, రైలు కూతకి తప్ప దేనికీ ఉలిక్కిపడలేదు.

మీ మేనత్త వసంత ఆఫీసు అబిడ్స్‌లో. దవాఖానాల స్కాన్ రిపోర్టులు దాచే కంపెనీ. డాక్టర్లు ఎక్కడెక్కడి నుంచో భద్రమైన లైను మీద ఆ సర్వర్‌లోకి వచ్చి చూసుకోవాలి. ఆ లైను ఎంత మెల్లగా నడిచేదంటే, పేషెంటు బల్ల మీద మూలుగుతుంటే డాక్టరు తెర మీద తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చునేవాడట.

దాన్ని బాగుచేసింది మీ అత్తే. ఎలాగే అంటే చెప్పింది. "లైను తెగి మళ్లీ వచ్చిన ప్రతిసారీ నువ్వెవరు, రుజువేదని మొదట్నుంచీ అడుగుతోందమ్మా. ఆలస్యమంతా అక్కడే. వెళ్లొస్తానని చెప్పి వెళ్లిన మనిషి తిరిగొస్తే మనం ఎవరని అడుగుతామా? అలాంటివాళ్లకి ఒక గుర్తు ఇచ్చి పంపమన్నాను. అంతే."

లైను పరుగెత్తింది. శాలువా మాత్రం మేనేజరుకి కప్పారు. అప్పటికే మీ అత్తకి ఒంట్లో బాగాలేదు. "పోనీలే, డాక్టర్లకి రిపోర్టులు అందుతున్నాయిగా" అంది.

అది పోయాక పెద్దకర్మ కూడా కాకముందే ఆఫీసు మనుషులొచ్చి ల్యాప్‌టాప్ పట్టుకుపోయారు. మీ నాన్న ఇంట్లో ఇంటర్నెట్టే తీయించేశాడు.

కొన్నాళ్లకి ఆ మేనేజరే వచ్చాడు. "అమ్మా, మీ ఇంట్లకెల్లి వసంత పేరు మీద ఎవరో మా సర్వర్ లోపలికొస్తున్నరు. ఇంకో మిషన్ గిట్ల దాచిన్రా?" నా మంచం కింద కూడా వంగి చూశాడు. గోడకి వేలాడుతున్న తెగిన వైరు చూపించాను. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

వెళ్లి సర్వర్‌లోంచి మీ అత్త పేరు తీసేశారు. ఆ పూటే అందరి లైనూ మెల్లబడి మళ్లీ మొదటికొచ్చింది. తిరిగి పేరు పెట్టారు, పరుగెత్తింది.

మీ అత్తతో పనిచేసిన నస్రీన్ వచ్చి నా పక్కన కూర్చుంది. "అంతా వెతికినం ఆంటీ. వసంత గుర్తుకి గడువు ఎప్పుడో అయిపోయింది. అయినా గా సర్వర్ ఆమెను ఎవరని అడుగుతలేదు. మాకేం సమజైతలేదు."

బతికుండగా ఎక్కడా రాయని పేరు, ఇప్పుడు తీయడానికి చేతులు రావట్లేదు వాళ్లకి.

ఆఖరిసారి దవాఖానాకి బయల్దేరిన రోజు మీ అత్త ల్యాప్‌టాప్ మూస్తూ దానికి చెప్పింది, వెళ్లొస్తానని. నవ్వులాటకే అనుకున్నా. గుమ్మం దాటేటప్పుడు నాకు మాత్రం ఏం చెప్పలేదు.

ఇదెలా జరుగుతోందో నాకు తెలియదు. తెలియదనే రాయి. మీ అత్తని అడగాలని ఉంది, ఏమే, ఆ పెట్టె దగ్గరికి రాగలిగిన దానివి, మీ అమ్మ దగ్గరికి ఒక్కసారి...

"అత్తయ్యా, కంచంలో అన్నం పెట్టేశాను, చల్లారిపోతోంది."

వస్తున్నానమ్మా. ఎక్కడున్నాం? ఆ, ఒక్కసారి నా దగ్గరికి